బోర్డు మీది మాట ఎవరిది?

బోర్డు తుడవడం మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. పోయిన వారం అక్కడే ఆపాను. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఆ బోర్డు సంగతి కాస్త చెప్పాలి.

కొలకతాలో ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకు వెనక, తెలుగువాళ్ళ ఇళ్ళ వరసైన మా తెలుగు లైనులో సంఘం గది ఉంది. అందులో ఒక నల్లబోర్డు. ఎవరింట్లో చావైనా, కుళాయి నీళ్ళు రాకపోయినా, గౌరీ పండగ ఊరేగింపు వేళ మారినా దాని మీదే రాస్తారు. పెద్దవాళ్ళకు తెలుగు తప్ప చదవడం రాదు. పిల్లలకు తెలుగు తప్ప అన్నీ చదవడం వచ్చు. ఏ భాషలో రాయాలన్న తగువు ఎంతకీ తేలకపోతే సెక్రటరీ జగన్మోహన్ బాబాయి ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాడట. రాసిన వెంటనే ఎవరో ఒకరు ఫోటో తీసి సంఘం గ్రూపులో పెడతారు. అది ఏక్‌బాల్‌పూర్‌లో ఉన్నవాళ్ళకూ, షాలిమార్ యార్డులో పనిచేసేవాళ్ళకూ ఒకేసారి చేరుతుంది. బోర్డు మీద ఉందంటే జరిగిపోయినట్టే లెక్క.

అదే గదిలో, అదే బోర్డు మీద, మధ్యాహ్నాలు నేను ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెబుతున్నాను. టెక్కలి దగ్గర మా ఊరి బడిలో చదువుకుని, పై చదువుకు గవరయ్య మావ ఇంటికి వచ్చినదాన్ని. మావ డాకులో సరుకు దించే గ్యాంగులో పని చేస్తాడు. ఆయన భార్య, మా అన్నపూర్ణత్త, తన కొడుకు బడిలో టీచరమ్మతో నోరు విప్పి మాట్లాడాలని పట్టుబట్టి ఈ క్లాసు పెట్టించింది. అత్త వెంట లైనులో సగం మంది ఆడవాళ్ళు వచ్చారు.

ఆ రోజు పాఠం రిపోర్టెడ్ స్పీచ్. "మీ ఇంట్లో విన్న మాట ఒకటి చెప్పండి. దాన్ని ఇంకొకరికి చేరవేసేటప్పుడు ఎలా మారుతుందో చూద్దాం" అన్నాను. రమాకుమారి పిన్ని లేచింది. ఆమె జగన్మోహన్ బాబాయి భార్య.

"'ప్రమోటర్‌కి మాటిచ్చేసినాను' అన్నాడు మా ఆయన" అంది.

ప్రమోటర్ అంటే ఈ ఊళ్ళో పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేవాడు. మాట ఇవ్వడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ముందు రోజే నేర్పాను. నేర్పినది వెంటనే వాడేసిందని నాకు పట్టరాని సంతోషం కలిగింది. పెద్ద అక్షరాలతో రాశాను. జగన్మోహన్ సెడ్ దట్ హి హ్యాడ్ గివెన్ హిస్ వర్డ్ టు ద ప్రమోటర్. అందరి చేతా పైకి చదివించాను కూడా.

ఆ సాయంత్రం టీ గ్లాసు చేతిలో పట్టుకున్నానో లేదో, అత్త ఫోను మోగడం మొదలైంది. ఒకటి ఆగితే ఇంకొకటి. చివరికి అత్త ఫోను బోర్లించి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒలే నీరజా, ఏటి రాసినావే బోర్డు మీద?"

"ఉదాహరణ అత్తా. నువ్వూ ఉన్నావు కదా క్లాసులో."

"ఉన్నాను. నానూ సదివినాను. అది తుడిసీసి రావాల కదే. ఎవులో కిటికీలోంచి పొటోవ తీసి గ్రూపులో ఎట్టీసినారు. ప్రమోటర్ కన్ను ఎప్పట్నుంచో మన సంగం గది మీదే కదా, అది ఇచ్చీసినారని లైనంతా గోల."

"అది నిజం కాదు కదా. ఉత్తి వాక్యం. పుస్తకంలో రాము అన్నాడు, సీత అన్నది అని ఉంటాయి చూడు, అలాంటిది."

అత్త నన్ను వింతగా చూసింది.

"రాము, సీత మనకి తెల్దు. తెల్దు కాబట్టి ఆలు ఏటన్నా పర్లేదు. తెలిసిన మనిసి పేరెట్టి లేని మాట ఎవులైనా అంటారేటే? నోరు పుండైపోదా?"

నేను గ్లాసు కింద పెట్టాను. వారమంతా క్లాసులో విన్న వాక్యాలు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది.

రోజూ జరిగే పనికి ఒక ఉదాహరణ అడిగితే అప్పలనరసమ్మ మామ్మ "నా సిన్నకొడుకు నిద్దట్లో పాటలు పాడతాడు" అంది. ఇప్పుడు జరుగుతున్న పనికి అడిగితే "ఈపాటికి మా కోడలు నాను లేనని పకోడీలు ఏపుకుని తింతంది" అంది. ఒక పని ముందే అయిపోయాక ఇంకో పని జరిగితే హ్యాడ్ వస్తుందని, "నేను షాలిమార్ చేరేసరికి రైలు వెళ్ళిపోయింది" అని ఉదాహరణ ఇచ్చాను. మా అత్తే లేచి, "మా ఆడబిడ్డ ఒచ్చీసరికి నాను రొయ్యలు దాసీసినాను" అంది. అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత చక్కగా కల్పిస్తున్నారో అనుకున్నాను.

"అత్తా, ఆ రొయ్యలు నిజమేనా?"

"మరి? ఆ గిన్నెకి నీ సేతే కదే మూత ఎట్టించినాను!"

అంటే నా క్లాసులో ఒక్కరు కూడా ఒక్క అబద్ధమైనా చెప్పలేదు. లైనులో ప్రతి ఇంటి సంగతీ వర్తమానంలో, భూతంలో, భవిష్యత్తులో నా బోర్డు మీదకు ఎక్కి దిగుతూనే ఉంది. రోజూ తుడిచాను కాబట్టి బతికిపోయాను.

"అయితే గది నిజంగానే ఇచ్చేశారా?"

"రమాకుమారి అన్నాదంటే అది జరిగే ఉంతది" అంది అత్త. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు మారింది. ఆ గదిని కట్టింది ఏ కంట్రాక్టరూ కాదు. డాకు పని దిగాక మా తాతల కాలం వాళ్ళు ఇటుక మీద ఇటుక పేర్చుకుని కట్టుకున్నది. చావొస్తే ఊరివాళ్ళు దిగేది అక్కడ. పరీక్షలప్పుడు పిల్లలు చదువుకునేది అక్కడ. "వచ్చే నెల బడిలో మీటింగున్నాది. నాను లేసి మాటాడదామనుకున్నాను" అని అత్త పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

బోర్డు మీది మాటను మర్నాడు ఎవరూ తుడవలేదు. తుడిస్తే తప్పు తనదవుతుందని అందరికీ భయం. ఆదివారం మీటింగు పెట్టారు. అప్పటివరకు క్లాసు బందు అన్నారు.

ఆదివారం పొద్దున్న చేపల బజారు పని ముగించుకుని అందరూ వచ్చారు. సంఘం మీటింగుల్లో మగవాళ్ళు లోపల బెంచీల మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు గుమ్మం బయట నిలబడతారు. అది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఆ రోజు ఆడవాళ్ళు తిన్నగా లోపలికి వచ్చి, క్లాసులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చున్నారు. అప్పలనరసమ్మ మామ్మ స్థానంలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. "లే బావూ, అది నా బెంచీ" అని ఆయన్ను లేపింది. మగవాళ్ళు సర్దుకుని సర్దుకుని గోడకు చేరారు. గవరయ్య మావ అందరికన్నా వెనక, కిటికీ కింద చోటు చూసుకున్నాడు.

నేను లోపలికి వెళ్ళబోతుంటే జగన్మోహన్ బాబాయి వరండాలోకి పిలిచాడు. ఆయన ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమస్తా. మాట నెమ్మది. లైనులో నాతో మొదట ఇంగ్లీషులో మాట్లాడినదీ, క్లాసు పెట్టుకుంటామంటే గది తాళం నా చేతికిచ్చినదీ ఆయనే.

"చా తాగావా అమ్మీ?"

"తాగాను బాబాయీ."

"మంచిది. ఇప్పుడు నువ్వొక చిన్న పని చెయ్యాలి. లోపలికెళ్ళి లేచి నిలబడు. 'ఆ వాక్యం నేను కల్పించాను, పాఠం కోసం ఊరికే రాశాను' అను. ఖతం. రేపట్నుంచి క్లాసు నడుపుకో. బోర్డు కూడా కొత్తది తెప్పిస్తాను."

"నేను కల్పించలేదు కదా బాబాయీ."

"కల్పించలేదా? అయితే ఎవరో చెప్పారన్నమాట. ఎవరు?"

నేను లోపలికి చూశాను. గుమ్మంలోంచి రమాకుమారి పిన్ని వీపు కనిపిస్తోంది. ఆకుపచ్చ చీర కొంగు భుజం చుట్టూ బిగించుకుని బోర్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆమె పేరు చెబితే ఆమె రేపు ఆ ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలియదు. చెప్పకపోతే క్లాసు ఉండదు. ఆయన చెప్పమన్నట్టు చెబితే క్లాసు ఉంటుంది, కొన్నాళ్ళకు చప్పుడు లేకుండా గదే ఉండదు.

"ఆలోచించుకో. చదువుకున్నదానివి" అని ఆయన నా భుజం తట్టి లోపలికి వెళ్ళాడు.

ప్రెసిడెంటు వెంకటరత్నం తాత కుర్చీలో కూర్చున్నాడు. లైనులో అందరికన్నా పెద్దవాడు. చెవులు కాస్త మందం, అందుకని తను కూడా గట్టిగా మాట్లాడతాడు.

"ఈ గుంటేనా రాసింది?"

"నేనే తాతా."

"ఏటి రాసినావో తెలుగులో సెప్పు."

చెప్పాను. 'ప్రమోటర్‌కి మాటిచ్చేశానని జగన్మోహన్ అన్నాడు.' గదిలో ఒక్కసారి గుసగుసలు లేచాయి. తాత చెయ్యెత్తాడు.

"మన కాడ ఒక పద్దతి ఉన్నాది. కొత్తోలకి తెల్దేమో. డాకులో గ్యాంగుకీ గ్యాంగుకీ మద్దిన మాటలు మోసి మోసి తలకాయలు పగిలిపోయిన రోజుల్లో పెట్టుకున్న పద్దతి. మాట మోసినోలు మనిసిని సూపాల. సూపలేకపోతే ఆ మాట మోసినోల్దే. తప్పు ఆలే కట్టాల. అమ్మీ, నువ్వు మాట మోసినావు. మనిసిని సూపు."

జగన్మోహన్ బాబాయి అందుకున్నాడు. "ఆమె చిన్నపిల్ల, మావా. ఏ పుస్తకంలోనో చూసి నా పేరు తగిలించి ఉండొచ్చు. గ్రామర్‌లో ఇలాంటివి మామూలే. కదమ్మా నీరజా?"

కదమ్మా అని ఆయన అడిగిన తీరు ఎంతో ఆప్యాయంగా ఉంది. ఔనంటే అయిపోయేది. గోడవారన ఉన్న మగవాళ్ళు అప్పుడే చెప్పుల వైపు చూస్తున్నారు.

రోజూ పాఠం చెప్పేటప్పుడు నిలబడే చోటికి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ నిలబడితే ఆడవాళ్ళ మొహాలన్నీ కనిపిస్తాయి. పాఠం మొదలయ్యే ముందు చూసినట్టే చూస్తున్నారు.

"పుస్తకంలోది కాదు తాతా. నేను కల్పించిందీ కాదు. మనిషిని చూపించమన్నారు, చూపిస్తాను."

రమాకుమారి పిన్ని తల వంచుకుంది.

"ఆ మాట అన్న మనిషి జగన్మోహన్ బాబాయి. అదిగో, మీ పక్కనే ఉన్నారు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అప్పలనరసమ్మ మామ్మ చప్పట్లు కొట్టింది. "అది! సూపించీసింది కదా మనిసిని! ఇంకేటి కావాల?"

"ఆగవే మామ్మా" అని బాబాయి నవ్వబోయాడు. "నేను నీతో అన్నానా అమ్మీ? నీ చెవుల్తో విన్నావా?"

"నాతో అనలేదు. నేను వినలేదు."

"చూశారా!"

"కానీ బాబాయీ, అది నా మాట అని నేను రాయలేదు. మీ మాట అనే రాశాను. పేరు ముందే ఉంది. మీరు అనలేదంటే అక్కడే గుడ్డ ఉంది. మీరే తుడిచేయండి. ఇన్నాళ్ళూ ఎవరూ తుడవనిది మీ కోసమే."

ఇంత పొడుగు మాట ఆ గదిలో తెలుగులో నేను ఎప్పుడూ అనలేదు. బాబాయి లేచాడు. గబగబా వచ్చి బోర్డు కింది గుడ్డ అందుకున్నాడు.

"తుడిస్తే పోలా? దీనికింత పంచాయితీ ఏంటి?"

"తుడు" అన్నాడు తాత. "తుడిసే ముందు నోటితో అను. 'ఈ మాట నాను అన్లేదు' అని. అనీసి తుడు."

బాబాయి చెయ్యి పైకి లేచింది. నిలిచిపోయింది. బోర్డు మీద తన పేరు మొదటి అక్షరం దగ్గర గుడ్డ ఆనించి అలాగే ఉండిపోయాడు. ఆయన ఆఫీసు మనిషే, కొలకతాలో పుట్టి పెరిగినవాడే. అయినా ఆ మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. కళ్ళెదుట ఇంతమంది ఉండగా లేని మాట అనడం ఈ లైనులో పుట్టినవాళ్ళకు అంత తేలిక కాదు.

గుడ్డ కింద పెట్టి ఇటు తిరిగాడు.

"అన్నాను. ఔను, అన్నాను. అయితే ఏం? మీ మంచికే కదా. ఈ గది చూడండి, వానొస్తే గోడలు చెమరుస్తాయి. ఐదంతస్తులు కడతారంట. కింద మన సంఘానికి పెద్ద హాలు వదుల్తారంట. ఫ్యాన్లు, బాత్రూము, లిఫ్టు అన్నీ పెడతారంట."

"అంటంట!" అంది అప్పలనరసమ్మ మామ్మ. "ఎవులన్నారు బావూ?"

"ప్రమోటర్ మనిషి అన్నాడు."

"మరి మనిసిని సూపు!"

ఆడవాళ్ళంతా ఒక్కసారి అందుకున్నారు. "సూపు, సూపు! మాట మోసినావు కదా, మనిసిని సూపు!" వెనక నుంచి మగవాళ్ళలో కూడా ఒకరిద్దరు గొంతు కలిపారు. వెంకటరత్నం తాత నవ్వు ఆపుకోలేక కండువా మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"పక్క పేటలో సీతలమ్మ గుడి కాడ ఇలాగే సెప్పినారు" అంది మా అత్త. ఇంతవరకూ మీటింగులో అత్త గొంతు ఎవరూ వినలేదు. "అక్కడ బెంగాలీ కుర్రోల క్లబ్బు ఉండేది. కింద హాలిత్తామన్నారు. ఇప్పుడు ఆ హాల్లో మోటారు సైకిళ్ళు అమ్ముతున్నారు. నాను రోజూ ఆ తోవనే ఎల్తాను."

"అది వేరు, ఇది వేరు, వదినా."

"ఏటి వేరు? ఆలకీ 'ఇత్తాం' అనే అన్నారు. మా నీరజ సెప్పినాది, రేపు జరిగేదానికి విల్ అని పెడతారంట. ఆ విల్ మీద ఇల్లు కట్టుకుంటావేటి?"

బాబాయి మొహం ఎర్రబడింది. ఆడవాళ్ళ నవ్వు ఆయన్ను గుచ్చుకున్నట్టుంది. నెమ్మదైన గొంతు మొదటిసారి పైకి లేచింది.

"సరే! నా మంచితనం మీకు అక్కర్లేదు. కానీ నేను ఇంట్లో అన్న మాట ఇది. నా ఇంట్లో, తలుపు వేసుకుని అన్న మాట. అది ఈ బోర్డు మీదకెలా వచ్చింది? అది తేలాలి. అమ్మీ, నీకెవరు చెప్పారు?"

"నేను చెప్పను బాబాయీ. క్లాసుకి తాళం వేస్తే వేయండి."

"వేస్తాను. ఇవాళే వేస్తాను. తాళం చెవి ఇలా ఇవ్వు."

ఆయన చెయ్యి చాపాడు. నేను చెవి తీయబోతుండగా మూడో బెంచీలో చీర చప్పుడైంది.

"ఐ టోల్డ్ హర్" అంది రమాకుమారి పిన్ని.

ఆమె క్లాసులో ఎప్పుడూ కొంగు నోటికడ్డం పెట్టుకునే ఇంగ్లీషు చదివేది. ఇప్పుడు కొంగు చేతిలో లేదు. నిటారుగా నిలబడి ఉంది. తెలుగులో కూడా చెప్పింది, భర్త వైపు తిరిగి.

"నానే సెప్పినాను. ఆ గుంట మీద అరవకు."

"నువ్వా?" అన్నాడు బాబాయి.

"ఇంట్లో నీకు సెప్పినాను. గది ఇవ్వొద్దు, మా తాత సేత్తో కట్టిన గోడ అది అని. నువ్వు ఇన్లేదు. ఈదిలో సెప్తే మొగుడి పరువు తీసిందంటారు. తాత కాడికెల్తే ఇంటి గుట్టు బయటెట్టిందంటారు. క్లాసులో టీచరు అడిగినాది, 'ఇంట్లో ఇన్న మాట ఒకటి సెప్పండి' అని. టీచరు అడిగితే సెప్పాల కదా? సెప్పినాను."

నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను. మాటివ్వడాన్ని ఇంగ్లీషులో ఏమంటారని ముందు రోజు అడిగింది ఆమే. ఆ రోజు క్లాసయ్యాక నాతో కబుర్లు చెబుతూ చెబుతూ గుమ్మం దాటించి, తాళం తనే వేసిందీ ఆమే. బోర్డు గుర్తు రానివ్వకుండా నన్ను ఇంటికి పంపించింది పిన్ని. నేను మరిచిపోలేదు.

"బాగా సదివినావే రమా!" అంది మామ్మ.

జగన్మోహన్ బాబాయి పక్కన ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు. కోపం పోయింది. భార్యను కొత్తగా చూస్తున్నాడు. "చెప్తే సరిపోయేది కదా" అన్నాడు చిన్నగా. "సెప్పినాను" అంది ఆమె, అంతే చిన్నగా.

వెంకటరత్నం తాత కర్ర నేల మీద తాటించాడు.

"ఎవులు సెప్పినారో తేలిపోయింది. ఆ అమ్మి తప్పేటీ లేదు. క్లాసుకి తాళం ఎయ్యక్కర్లేదు. ఇప్పుడు అసలు సంగతి సూద్దారి. మాటిచ్చీసినాడు. మన కాడ ఇచ్చిన మాట ఎనక్కి తీసుకోరు. తీసుకుంటే రేపు మన మాట ఎవులు నమ్ముతారు? డాకులో మన గ్యాంగులకి పని దొరుకుతున్నాదంటే ఆ మాట మీదే దొరుకుతున్నాది."

గది చల్లబడిపోయింది. తాత వేలు ఎత్తాడు.

"అయితే ఒకటున్నాది. మాటిచ్చినప్పుడు పక్కన మనోడొకడు ఉండాల. సాచ్చి లేని మాట గాలి మాట. అది సెల్లదు. జగన్మోహనా, సంగం తరపున మాటిచ్చినావు కదా. నీ పక్కన మనోలు ఎవులున్నారు?"

ఆడవాళ్ళ మొహాలు వెలిగాయి. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్క మాటతో గది మిగిలిపోతుంది. బాబాయి కూడా తలెత్తాడు. ఆయనకూ ఇప్పుడు గది మిగలాలనే ఉందని ఆ చూపులో తెలిసింది. కాస్సేపు ఎవరినో వెతుకుతున్నట్టు మగవాళ్ళ వైపు చూశాడు.

"ఉన్నారా, లేరా?" అన్నాడు తాత.

"లేరని సెప్పీ బావూ!" అని మామ్మ అరిచింది. "సెప్పీ, పోద్ది!"

బాబాయి నోరు తెరిచి మూసుకున్నాడు. లేని మాట అనలేని ఆ నోరు మళ్ళీ మొరాయించింది. అప్పుడు రమాకుమారి పిన్ని నా వైపు తిరిగింది. అంతసేపు తొణకని మనిషి మొహంలో మొదటిసారి దిగులు కనిపించింది.

"నీరజా, నన్ను తప్పట్టుకోకు" అంది. "క్లాసులో సగం మాటే సెప్పినాను. మిగతా సగం నీకోసమే సెప్పలేదు."

"నాకోసమా?"

"మాటిచ్చిన రోజు మా ఇంట్లో టీ ఇచ్చింది నానే. ప్రమోటర్ మనిసికి ఇచ్చినాను. మా ఆయనకి ఇచ్చినాను. పక్కన కుర్చీలో కూకున్న గవరయ్యన్నకి ఇచ్చినాను."

అందరి తలలూ కిటికీ కిందకు తిరిగాయి.

మావ అప్పటికే లేచి ఉన్నాడు. సరుకు బస్తాలు మోసి మోసి ఒక పక్కకు ఒరిగిన భుజంతో, బెంచీల మధ్య నుంచి ఎవరినీ తాకకుండా ముందుకు వచ్చాడు. తాత ముందు ఆగలేదు. నా ముందుకు వచ్చి ఆగాడు.

"గవరయ్యా, ఉన్నావా నువ్వు?" అని తాత అడిగాడు.

మావ తాత వైపు చూడలేదు. "ఈ అమ్మిని అడగనీండి" అన్నాడు. "నీరజా, నువ్వడుగు. నువ్వడిగితే సెప్తాను."

అత్త పట్టు ఇంకా బిగిసింది. "అడక్కే" అంది నా చెవి దగ్గర. "సాచ్చి తన నోటితో సెప్తేనే సెల్తాది, అడగనోలకి ఎవులూ సెప్పక్కర్లేదు. ఊరుకో. గది మిగిలిపోద్ది."

అత్త చెప్పింది నిజం. నేను ఊరుకుంటే మావ కూడా ఊరుకుంటాడు. గది మిగులుతుంది, క్లాసు మిగులుతుంది, అత్త బడికి వెళ్ళి నోరు విప్పి మాట్లాడుతుంది. కానీ కొంతసేపటి క్రితం ఇదే చోట నిలబడి నేను ఒక మనిషిని నిజం చెప్పమన్నాను. మనవాడు కాబట్టి ఇంకొకరిని అడగకుండా వదిలేస్తే, రేపు ఈ బోర్డు మీద నేను ఏం రాసినా ఎవరూ చదవరు.

అత్త వేళ్ళు మెల్లగా విడిపించుకున్నాను.

"మావా, ఆ రోజు అక్కడ నువ్వు ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాడు మావ. "ఉండడమే కాదమ్మా. ఆ ప్రమోటర్ మనిసిని జగన్మోహన్ ఇంటికి తోలుకొచ్చింది నానే."

బయట వీధిలో బస్సు కండక్టరు ఎవరినో రమ్మని కేక వేస్తున్నాడు. మావ కళ్ళు నా మీద నుంచి తిప్పుకోలేదు. ఇంకో ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. దానికోసమే నిలబడి ఉన్నాడు.

అడిగాను.

"ఎందుకు మావా?"